ఎవరి తావులో వాళ్ళు

సముద్రం ఆ ఏడు దీవిలో బడిని మింగలేదు, నమిలి వదిలేసింది. ఫిబ్రవరి పెద్దపోటుకి ఒడ్డువైపు గోడ కూలింది, రేకులు ఎగిరి మొగలిపొదల్లో పడ్డాయి, బల్లలు ఉప్పునీళ్ళలో ఉబ్బిపోయాయి. హెడ్మాస్టరు బరనికో పెద్ద తరగతుల్ని తనతోపాటు చర్చిలోకి తరలించుకున్నాడు. చర్చికి గోడలున్నాయి, బల్లలున్నాయి, ఫ్యాను కూడా ఉంది, తిరగదు గానీ. ఒకటో తరగతినీ రెండో తరగతినీ, వాటికి అంటుకుని వచ్చిన కొత్త టీచరు ఆరోయితానీ ఊరి మనెయబాకి పంపాడు. కొత్తవాళ్ళకి దక్కేది ఎక్కడైనా మిగిలిందే.

మనెయబా ఊరందరి ఇల్లు. గోడలుండవు. జానెడు మందాన పేర్చిన మొగలాకు కప్పు నడుము ఎత్తుదాకా దిగి ఉంటుంది, ఎంత గొప్పవాడైనా వంగకుండా లోపలికి రాలేడు. ఆ కప్పు కింద ఏ కుటుంబం ఏ స్తంభం దగ్గర కూర్చోవాలో ముత్తాతల నాడే తేలిపోయింది. అదే వాళ్ళ తావు. పెద్దలు సభ తీర్చినా, పెళ్ళిభోజనం వడ్డించినా ఎవరి తావులో వాళ్ళే. పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి పడమటి కొసన కాస్త చోటు ఉంటుంది.

ఆరోయితా రాజధానిలో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడి మనెయబాల్లో ఎవరు ముందొస్తే వాళ్ళు ఫ్యాను కింద కూర్చుంటారు. తావుల సంగతి ఆమెకి తెలియక కాదు, అవి ముసలాళ్ళ ముచ్చట్లనుకుంది. శిక్షణ కళాశాలలో నేర్చుకున్న పాఠమొకటి ఆమె తలలో మేకులా దిగి ఉంది: పిల్లలకి ముందు అలవాట్లు, ఆ తర్వాతే అక్షరాలు. అందుకని అలవాట్లతో మొదలుపెట్టింది. వచ్చీరాగానే బకెట్టు దగ్గర కాళ్ళు కడుక్కోవాలి. చెప్పులు వరసగా పెట్టాలి. టీచరు రెండు చప్పట్లు కొడితే నోళ్ళు మూతపడాలి. అడగాల్సింది ఉంటే చెయ్యెత్తాలి, ఎత్తిన చెయ్యిని టీచరు చూడకుండా వదలదు. బయటికి వెళ్ళాలంటే స్తంభానికి వేలాడే గవ్వ మెడలో వేసుకుని వెళ్ళాలి, గవ్వ తిరిగొచ్చేదాకా ఇంకొకరు ఆపుకోవాలి. మూడు తప్పులు చేసినవాళ్ళు తమ చోటు వదిలి, ఆ పూటంతా టీచరు కాళ్ళ దగ్గర కూర్చోవాలి.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ చోట్ల దగ్గరే బండి కూరుకుపోయింది. ఆమె చాపల్ని వరసలుగా పరిచి, పేర్ల అక్షరక్రమంలో పిల్లల్ని కూర్చోబెట్టింది. అరగంటలో వరసలు కరిగిపోయేవి. అవతల పేకాడుకుంటున్న ముసలాళ్ళలో ఒకాయన దగ్గేవాడు, ఓ పిల్లాడు లేచి చాప ఈడ్చుకుంటూ పోయేవాడు. ఇంకొకాయన గొంతు సవరించుకునేవాడు, ఇద్దరు పిల్లలు కొట్టుకునేవాళ్ళు. కుక్కలొచ్చేవి, కోళ్ళొచ్చేవి, పాప ఏం చేస్తోందో చూద్దామని తల్లులొచ్చేవాళ్ళు. రెండు వారాలు చప్పట్లు కొట్టీ కొట్టీ ఆమె అరచేతులు కందిపోయాయి. మనెయబా అప్పగించిన రోజున పెద్దలు ఒక్క మాటే అన్నారు: ఇల్లు మాదే, గొడవ మాత్రం రాకూడదు. గొడవ వస్తే ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేస్తే చిన్న తరగతులకి మిగిలేది ఎండా, కొబ్బరిచెట్ల నీడా. కాయలు రాలే చెట్టు కింద పసిపిల్లల్ని ఏ తల్లీ కూర్చోనివ్వదు.

చివరికి ఆరోయితాకి వెలిగింది. పిల్లలు అల్లరి చెయ్యడం లేదు, ఎవరి తావు వైపు వాళ్ళు జరుగుతున్నారు. దగ్గులన్నీ అందుకే. మరి వాళ్ళ తావుల్లోనే కూర్చోనిస్తే పోలా? శుక్రవారం సాయంత్రం పిల్లలకి చెప్పింది. ఇంటికెళ్ళి మీ తావు ఎక్కడో అడిగి తెలుసుకోండి, సోమవారం వచ్చి నేరుగా అక్కడే కూర్చోండి, ఇక ఏడాది చివరిదాకా అదే మీ చోటు, ఎవరూ మార్చరు, నేను కూడా మార్చను. తన తెలివికి తనే మురిసిపోయి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది పాపం.

సోమవారం పిల్లలు కాళ్ళు కడుక్కుని, వంగి లోపలికి వచ్చి, దారి తెలిసిన చేపపిల్లల్లా తలో దిక్కుకీ చీలిపోయారు. తోపులాట లేదు, ఏడుపు లేదు. పేకాడే ముసలాళ్ళు మెచ్చుకోలుగా తలలాడించారు. అందరికంటే చివర అకోయా వచ్చింది. రెండో తరగతి పిల్ల, ఎప్పుడూ శుభ్రంగా దువ్వుకున్న జుట్టు. పడమటి కొసన చాపలల్లుకునే అవ్వ నెయ్ తాకే మనవరాలు. వాళ్ళది వేరే దీవి. ఆ పిల్ల అవ్వ వైపు వెళ్ళలేదు. తూర్పుగా నడిచి, నడిమి స్తంభం దగ్గర, ఊళ్ళో మొదటి మాటా మొదటి వడ్డనా అందుకునే కయువేయా వాళ్ళ తావులోకి వెళ్ళి, ఆయన మనవడు బిరిబో పక్కన చాప పరుచుకుని కూర్చుంది.

మనెయబా అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. పేకముక్కలు కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. చూరు బయట ఆకులూడుస్తున్న ఆడవాళ్ళ చీపుళ్ళు కూడా ఆగాయి. చప్పట్లు కొట్టకుండానే ఇంతటి మౌనం దొరికినందుకు ఆరోయితాకి ఒళ్ళు పులకరించింది. తన పద్ధతి పండిందనుకుంది. ఆ ఉత్సాహంలో ఒకటో తరగతికి రెండు అక్షరాలు ఎక్కువే చెప్పింది.

మధ్యాహ్నానికి బరనికో చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆమెని నీళ్ళట్యాంకు వెనక్కి పిలిచి, అటూ ఇటూ చూశాడు.

"ఏం చేశావమ్మా నువ్వు?"

"ఏం చేశాను సార్? పిల్లలందరూ కుదురుగా కూర్చున్నారు."

"వాళ్ళు కుదురుగానే కూర్చున్నారు. ఊరే కుదురు తప్పింది."

సంగతి అప్పుడు చెప్పాడు. ఎనిమిదేళ్ళ కిందట నెయ్ తాకే తన కూతుర్ని వెంటబెట్టుకుని చర్చి పండక్కి ఈ దీవికి వచ్చింది. కయువేయా కొడుకు తొకావా ఆ కూతురి వెంటపడ్డాడు. కయువేయాకి తెలిసి, నెల తిరక్కుండా కొడుక్కి భూములున్న ఇంటి పిల్లతో పెళ్ళి చేసేశాడు. తాకే కూతురు అకోయాని కని, రాజధానికి పనికి వెళ్ళి, అక్కడే జ్వరంతో పోయింది. తాకే పసిగుడ్డుతో ఇక్కడే మిగిలిపోయింది. ఊరందరికీ తెలుసు. తెలుసని ఒప్పుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"ఆ పిల్ల వాళ్ళది కానప్పుడు ఆ ముక్కేదో కయువేయా తాతే అనొచ్చుగా" అంది ఆరోయితా.

"అనలేడు. అంటే అబద్ధమవుతుంది. మనెయబాలో కూర్చుని తావు గురించి అబద్ధమాడితే ఇంటికి శాపం తగులుతుందంటారు. ఆయన తమ్ముడు ఒకసారి అలాగే నోరు జారాడట, ఆ ఏడే పడవతో సహా తిరిగిరాలేదు. నువ్వు నమ్మక్కర్లేదు, నేనూ నమ్మను. ఆయన నమ్ముతాడు."

అంతటితో ఆగితే బాగుండేది. శుక్రవారం పెద్దల సభ ఉంది. పెద్దలంతా కూర్చున్నాక కూడా ఆ పిల్ల అక్కడే ఉండి, ఎవరూ కాదనకపోతే, ఊరు ఒప్పుకున్నట్టే. తావు వచ్చిందంటే దాని వెనకే చేమదుంపలు పండే గుంటలో వాటా, కొబ్బరితోటలో వాటా. తొకావా పెళ్ళాం అప్పుడే నిప్పులు చెరుగుతోందట. బరనికో మెడ తుడుచుకుని, ఈ టర్ము చివర నీ గురించి పైకి రాసి పంపాల్సింది నేనే, నా చేత మంచే రాయించుకో అని ఆమె మొహంకేసి చూడకుండా అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. పిరికివాడు, అంతే. ఊరికి రెండూ ఒక్కటే.

మర్నాడు కయువేయా కబురంపాడు. వెళ్తే లేత కొబ్బరికాయ కొట్టించి చేతికిచ్చి, తను కూర్చున్న చాపమీదే చోటు చూపించాడు. తెల్లని గడ్డం, మెత్తని గొంతు. ఆ గొంతుతో ఎవరినైనా నరకగలడని ఊళ్ళో అనుకుంటారు.

"మీ బళ్ళో పిల్లల్ని మారుస్తుంటారు గదమ్మా. పొట్టివాళ్ళు ముందుకి, పొడుగువాళ్ళు వెనక్కి, కళ్ళు ఆననివాళ్ళు బోర్డు దగ్గరికి. ఆ పిల్లని కూడా ఏదో ఒకటి చెప్పి పడమటి కొసకి మార్చెయ్యి. బడి విషయం అది. మధ్యలో మేమెవరమూ మాట్లాడం."

"మార్చకపోతే తాతా?"

"మార్చకపోతే, శుక్రవారం నుంచి మనెయబా కప్పు ఆకు మార్చే పని పెట్టుకోవాలి. ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. పిల్లలు ఎండలో కూర్చోవాల్సొస్తే నాకూ కష్టంగానే ఉంటుంది."

కర్ర విరక్కూడదు, పాము చావాలి. కర్ర ఆరోయితా. అబద్ధమాడే పాపం కయువేయా ఇంటి మీద పడకుండా, పరాయి ఊరి టీచరు చేత, బడి పద్ధతి పేరుతో ఆడించాలి. ఆమెకి ఆ ఎత్తు అర్థమైంది, అర్థమైనందుకు ఒళ్ళు మండింది. కానీ కొబ్బరినీళ్ళు తాగేసి, ఆలోచిస్తానని చెప్పి లేచి వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ వారం తరగతి నడిచిందంటే నడిచింది. బిరిబోని వాళ్ళమ్మ, అదే తొకావా పెళ్ళాం, బడికి పంపడం మానేసింది. రోజూ బకెట్టులో నీళ్ళు పోసిపెట్టే ఆడవాళ్ళు రాలేదు, ఆరోయితానే బావినుంచి మోసింది. ముసలాళ్ళు పేక పక్కన పెట్టి ఊరికే కూర్చుని చూడటం మొదలుపెట్టారు. పేకాడుతున్నప్పుడు చిరాకు పడేది గానీ, ఆడకుండా చూస్తుంటే, మళ్ళీ పేకాడితే బాగుండుననుకునేది. పిల్లలు కూడా ఇంట్లో ఏదో విన్నారు. గవ్వ మెడలో వేసుకుని బయటికెళ్ళేవాళ్ళు అకోయా పక్కనుంచి పోకుండా చుట్టూ తిరిగి పోతున్నారు.

అకోయా ఒక్కతే ఏమీ పట్టనట్టు ఉంది. పట్టనట్టు కూడా కాదు, సంతోషంగా ఉంది. అందరికంటే ముందొచ్చి తన చాప కింది గులకరాళ్ళు చేత్తో చదును చేసుకునేది. వీపు నిటారుగా పెట్టి కూర్చునేది. టీచరు చప్పట్లు కొట్టకముందే నోరు మూసేది. నేర్పిన అలవాట్లన్నిటినీ అంత ప్రేమగా పాటించే పిల్ల ఆరోయితాకి అంతకుముందు దొరకలేదు, దొరికినదాన్నే కదిలించాలి.

గురువారం సాయంత్రం ఆమె నెయ్ తాకే గుడిసెకి వెళ్ళింది. ముసలామె మొగలాకుల్ని గవ్వచిప్పతో గీకి మెత్తబరుస్తోంది. పిల్ల సీమపనస ముక్కలు కాలుస్తోంది. ఆరోయితా ఎలా మొదలుపెట్టాలో తెలియక, వేరే చోటు చెప్పి పంపాల్సింది అవ్వా అంది.

"నువ్వే కదమ్మా అడిగి తెలుసుకు రమ్మన్నావ్" అంది తాకే, ఆకుమీంచి కళ్ళెత్తకుండా. "పిల్ల వచ్చి అవ్వా మన తావెక్కడ అనింది. ఎనిమిదేళ్ళుగా ఆ మాట ఎవరైనా అడుగుతారేమోనని చూస్తన్నా. ఎవురూ అడగలా. అడిగింది గాబట్టి చెప్పా. అబద్ధం చెప్పి పంపమంటావా?"

"వాళ్ళ భూములకోసమని అంటున్నారు."

"వాళ్ళ చేమగుంట వాళ్ళనే తినమను. నా కళ్ళు మసకలవుతన్నయ్. రేపు నేను బోతే ఈ పిల్ల ఎవురి చాపమీద పడుకోవాల? అది చెప్పు, దాన్ని తీసకొచ్చి నా పక్కనే కూసోబెట్టుకుంటా."

పిల్ల సీమపనస ముక్క ఆకులో పెట్టి, టీచర్ వేడిగా ఉంది, ఊదుకుని తినండి అంది. తిరిగి వస్తుంటే ఆ ముక్క చేతిలోని ఆకులో అలాగే ఉండిపోయింది. అయినా చర్చి దగ్గర బరనికో ఎదురైనప్పుడు, మార్చేస్తాను సార్ అని చెప్పేసింది. ముప్ఫైమంది పిల్లల నీడ ఒకవైపు, ఒక్క పిల్ల చోటు ఒకవైపు. లెక్క సరిగ్గానే ఉందనిపించింది. సరిగ్గా ఉన్న లెక్క అంత అసహ్యంగా ఉంటుందని ఆమెకి ముందు తెలియదు.

శుక్రవారం పొద్దున పెద్దలు పాఠాలు మొదలవకముందే వచ్చి, ఒక్కొక్కరే వంగి లోపలికి దిగి, తమ తావుల్లో కూర్చున్నారు. వాళ్ళ ముందు పిల్లలు. కయువేయా తన స్తంభానికి ఆనుకున్నాడు. ఆయన వెనక తొకావా, చేపల వేటకి పోకుండా ఉతికిన చొక్కా తొడుక్కుని, తల వంచుకుని ఉన్నాడు. వాళ్ళిద్దరికీ మూరెడు దూరంలో, వాళ్ళకి వీపు పెట్టి, అకోయా. చూరు బయట బిరిబో చెయ్యి పట్టుకుని తొకావా పెళ్ళాం నిలబడి ఉంది. పడమటి కొసన తాకే అల్లిక వొళ్ళో పెట్టుకుని కూర్చుంది గానీ, వేళ్ళు కదలడం లేదు. బరనికో కూడా చర్చి వదిలి వచ్చి ఒక పక్కన ఒదిగాడు.

ఆరోయితా రెండు చప్పట్లు కొట్టింది. కొట్టాల్సిన పనే లేదు.

"అకోయా, లే."

పిల్ల లేచింది. పెద్దల ముందు నిటారుగా నిలబడకూడదని నడుము వంచింది.

"నీకు ఇక్కణ్నుంచి బోర్డు సరిగా కనపడదు. చాప తీసుకుని మీ అవ్వ దగ్గరికి..."

పిల్ల చెయ్యెత్తింది. ఆరోయితా చూడనట్టు ఉందామనుకుంది. కానీ ఎత్తిన చెయ్యిని వదలనని తను ఇచ్చిన మాట ఆ మనెయబాలో ప్రతి పిల్లకీ తెలుసు, అందరూ ఆ చెయ్యివైపే చూస్తున్నారు.

"అడుగు."

"కనపడుతుంది టీచర్." పిల్ల బోర్డుమీది తారీఖు చదివింది, కింద రాసిన మూడు మాటలూ చదివింది, మూలన ఎవరో పిల్లాడు గీసిన సొరచేపని కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. "మూడు తప్పులైతే కదా టీచర్ చోటు పోయేది. నావి ఒక్కటి కూడా అవలేదు. నేనేం తప్పు చేశాను?"

ఏడుస్తూ అడగలేదు. లెక్కలో సందేహం అడిగినట్టు అడిగింది, జవాబు టీచరు దగ్గర ఉండి తీరుతుందన్న నమ్మకంతో. ఆ నమ్మకం ఆరోయితాని నిలువునా కోసింది. రాత్రంతా నూరుకున్న మాటలు వదిలేసింది. పెద్దల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. కూర్చున్నాక కయువేయా వైపు తిరిగింది.

"తాతా, బడి పద్ధతి ప్రకారం ఈ పిల్లని కదపడానికి నాకు కారణం దొరకలేదు. ఇది మీ ఇల్లు. నాకు ఇక్కడ తావు లేదు, ఒకళ్ళని లేపే హక్కూ లేదు. తావు మీది. ఈ పిల్ల మాది కాదని మీలో ఎవరో ఒకరు అనండి. అన్న మరుక్షణం నేనే చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్తాను."

బరనికో తల పట్టుకున్నాడు. కయువేయా గడ్డం నిమురుకుంటున్న చెయ్యి గడ్డంలోనే ఉండిపోయింది. ఆయన పెదవులు విడివడ్డాయి, ఊరంతా ముందుకి వంగింది. మళ్ళీ మూసుకున్నాయి. ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు.

"తొకావా. టీచరమ్మ అడుగుతోంది, చెప్పు."

పెద్దరికమంటే అదీ. భూమి తనది, మాట తనది, శాపం మాత్రం కొడుక్కి.

తొకావా తన చేతులకేసి చూసుకున్నాడు. గేలపు తాళ్ళు కోసిన గాట్లు అరచేతుల నిండా ఉన్నాయి. చూరు బయట పెళ్ళాం కదలకుండా నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళలో అతను ఆ పిల్లవైపు చూసింది ఎవరూ చూడలేదు. పడవ దగ్గర ఎదురైతే వల సర్దుకునేవాడు, చర్చిలో ఎదురైతే పైకప్పు చూసేవాడు. ఇప్పుడు ఆ పిల్ల నడుము వంచుకుని అతని ముందే నిలబడి, జవాబు ఎవరు చెప్తారా అని టీచరు నుంచి తాతకీ, తాత నుంచి అతనికీ చూపు తిప్పింది. వంగి నిలబడటంతో ఆ చిన్న కాళ్ళు వణుకుతున్నాయి. కాదు అంటాడు, అనేస్తాడు, నా చేతులతోనే ఈ పిల్లని లాక్కెళ్ళాలి అనుకుంది ఆరోయితా.

"మీ అవ్వ ఏం చెప్పింది?" అన్నాడు తొకావా.

"ఇక్కడ కూర్చోమంది."

"మరి నిలబడ్డావేం? కూర్చో."

పిల్ల కూర్చుంది. చాప అంచు సరిచేసుకుని, కాళ్ళు మడిచి, వీపు నిటారుగా పెట్టింది. చూరు బయట తొకావా పెళ్ళాం బిరిబోని గుంజుకుని వెళ్ళిపోయింది. ఆమె తప్పు ఇందులో ఏముంది? అయినా ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగదని అందరికీ తెలుసు. తొకావా లేచి వెంట పోలేదు. పడమటి కొసన తాకే అల్లికలో మొహం దాచుకుంది.

కయువేయా గడ్డంలోంచి చెయ్యి తీశాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"తావు సంగతి తేలింది. టీచరమ్మ కూడా నిజమే చెప్పింది, ఆమెకి ఇక్కడ తావు లేదు. తావు లేని మనిషి మనెయబా నడిమధ్యన కూర్చుని పెద్దల్ని ప్రశ్నలడగడం మన పద్ధతి కాదు. ఆ బోర్డు పడమటి కొసకి పట్టుకెళ్ళమనండి. పిల్లలు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు. పాఠాలు అక్కణ్నుంచే చెప్పుకోమనండి."

పెద్దల్లో ఒకరిద్దరు నవ్వారు. ఊపిరి వదలడానికి వాళ్ళకీ ఏదో ఒకటి కావాలి. బరనికో గబగబా వచ్చి బోర్డు ఒక కొస పట్టుకున్నాడు, అలా పట్టుకోవడమే అతని వల్ల అయిన ధైర్యం. ఆరోయితా రెండో కొస పట్టుకుని, అంతమంది ముందు నడుము వంచుకుని, మనెయబా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. మొహం మండిపోతోంది. కప్పు ఉంది, తరగతి ఉంది, పిల్ల తన తావులో ఉంది. అయినా అవమానం అవమానమే. తాకే తన ఆకుల కట్ట అవతలికి జరిపి, చాపమీద పక్కకి తప్పుకుంది. నిన్న ఈ చోటుకే ఆ పిల్లని పంపాలనుకుంది ఆరోయితా. కూర్చుంటే తప్ప తెలియలేదు, అక్కణ్నుంచి ఊరంతా ఎంత దూరంగా కనపడుతుందో.

పిల్లలు ఎవరి తావులో వాళ్ళు చుట్టూ తిరిగి ఇటు మొహం పెట్టారు. ముందున్నవాళ్ళు వెనకైపోయారు, వెనకవాళ్ళు ముందైపోయారు. ఆరోయితా హాజరు మొదలుపెట్టింది. దగ్గరివాళ్ళని మామూలుగానే పిలిచింది. అకోయా అందరికంటే దూరంలో ఉంది, కయువేయా మోకాలి ముందు. అంత దూరానికి టీచరు గొంతెత్తి అరవాల్సి వచ్చింది.

అకోయా కూడా అరిచింది. "ఉన్నాను టీచర్" అన్న ఆ కేక కప్పంతా నిండి, చూరు దాటి బయటికి పోయింది. ఒడ్డున పడవ చెక్కుతున్నవాళ్ళు పని ఆపి మనెయబావైపు చూశారు. ఆరోయితా కళ్ళు తుడుచుకుని తర్వాతి పేరు పిలిచింది.